నాలుగు మూలలూ కోసిన బ్రోచరు

గుంటూరులో ఎవరి చేతిలోనైనా నాలుగు మూలలూ ఏటవాలుగా కోసేసిన కంపెనీ బ్రోచరు కనబడితే, అది నా బుర్రలోంచి పుట్టిందని తెలుసుకోండి. పర్యావరణం మీద వేసిన పుస్తకానికి మూలలు ఉండకూడదన్న ఆలోచన ఈ జిల్లాలో మొట్టమొదట వచ్చింది నాకే. ఆ తర్వాత మూడు కంపెనీలు కాపీ కొట్టాయి. ఒక మేనేజరైతే నా రెండు చేతులూ పట్టుకుని, "అంకుల్, మీరు ఇక్కడ ఉండాల్సినవారు కాదు" అన్నాడు.

ఇందులో కొంత నిజం ఉంది. ఎంతన్నది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఆ మూడు కంపెనీల సంగతి మాత్రం ఇప్పుడే దిద్దుకుంటాను. ఒకటి కంపెనీ కాదు, మా వీధి చివర స్కూలు. వాళ్ళ ఐడీ కార్డులకి మూలలు ముందునుంచీ లేవు. రెండోది ఒక విత్తనాల షాపు కరపత్రం. దాని మూలలు ఎలకలు కొట్టాయేమో అని మా ఆవిడ అనుమానం. మూడోది ఇంకా అచ్చుకాలేదు.

మాది అరండల్‌పేటలో పెళ్ళికార్డుల షాపు. కింద షాపు, పైన ఇల్లు. ఒకప్పుడు మాఘమాసం వస్తోందంటే జనం మా మెట్ల మీద కూర్చుని కార్డులు ఎంచుకునేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళివారు ఫోన్లో బొమ్మ పంపేసుకుని, దేవుడి దగ్గర పెట్టడానికీ మేనమామల చేతిలో పెట్టడానికీ మాత్రం ఓ యాభై కార్డులు వేయించుకుంటున్నారు. అబ్బాయి ఒంగోలులో గ్రానైటు ఆఫీసులో పనిచేస్తూ ఆదివారాలు వస్తాడు. షాపు నడిపేది కోడలు. కంప్యూటరు మీద డిజైను పని నేర్చుకుని, కంపెనీల పని పట్టాలని కాళ్ళరిగేలా తిరిగింది. పక్క షాపు బిర్యానీ ఆయన మా షట్టరు అద్దెకిమ్మని కనబడినప్పుడల్లా అడుగుతున్నాడు.

"ఈ బ్రోచరు బాగా వస్తే ఆ కంపెనీ వాళ్ళు స్టిక్కర్ల పనంతా మనకే ఇస్తామన్నారు మామయ్యగారూ. రాకపోతే నేనూ లాగలేను. తాళం ఆ బిర్యానీ ఆయన చేతిలో పెట్టేసి ఎక్కడన్నా ఉద్యోగం చూసుకుంటాను" అని కోడలు ముందే చెప్పింది. అంటే ఆ పచ్చ పుస్తకం మీద మా షట్టరు ఆధారపడి ఉందన్నమాట. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఏం జరిగిందో చెబుతాను.

ఆ కంపెనీది చిలకలూరిపేట రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. టిక్కీల కొద్దీ, అంటే బస్తాల కొద్దీ, మిరపకాయలు కొని, చల్లగా దాచి, దేశాలకు ఎగుమతి చేస్తారు. కొనుక్కునేవాళ్ళు ఈమధ్య కాయ రంగు, కారం మాత్రమే అడగడం లేదట. "మీరు భూమిని ఎలా చూసుకుంటున్నారు?" అని కూడా అడుగుతున్నారట. అందుకని ఒక బ్రోచరు కావాలి. ఇంగ్లీషు ఒక పక్క, తెలుగు ఒక పక్క. ఆ పని చూడటానికి హైదరాబాదు నుంచి ఒక మేనేజరును తెచ్చుకున్నారు. ముప్పయ్యేళ్ళుంటాయి. ఎంత మర్యాదస్తుడంటే, ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నేను ప్రత్యేకంగా కష్టపడాల్సి వచ్చింది.

మొదటి రోజే అన్నాడు: "అంకుల్, ఒక్కటే రిక్వెస్ట్. ఎక్కడా రెడ్ వద్దు. రెడ్ అంటే వార్నింగ్. మనకి గ్రీన్ కావాలి."

"బాబూ, మీరు అమ్మేది మిరపకాయలు కదా?"

"అవునంకుల్."

"ఎండుమిరపకాయలు."

"కరెక్ట్ అంకుల్. కానీ ఫీల్ మాత్రం గ్రీన్ ఉండాలి."

నేను కోడలి వంక చూశాను. ఆ అమ్మాయి నా వంక చూడకుండా బుద్ధిగా రాసుకుంది. గుంటూరు గడ్డ మీద కూర్చుని ఎరుపు పనికిరాదన్నవాణ్ణి జీవితంలో అదే మొదటిసారి చూడటం.

ఫోటోల కోసం ప్రత్తిపాడు అవతలికి వెళ్ళాం. కోతల రోజులు. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. పత్తి చేలు ఎప్పుడో అయిపోయి, ఎండు కట్టె నిలబడి ఉంది. కనుచూపు మేర ఎరుపు, గోధుమరంగు, తప్పితే దుమ్ము. పచ్చగా ఉన్నది కాలవ గట్టు మీద, పొలాల్ని మింగేసే సర్కారు తుమ్మ కంప ఒక్కటే. మేనేజరు దాన్ని చూసి ఆనందపడి ఫోను పైకెత్తాడు. "దాన్ని వేస్తే రైతులు పుస్తకంతో పాటు మనల్ని కూడా తగలబెడతారు" అని నేను ఆపాను. ఇది నిజంగా నేనే ఆపాను.

ఒక కల్లంలో ఒకావిడ కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ముక్కుకీ నోటికీ గట్టిగా గుడ్డ కట్టుకుంది. మేనేజరు ఆమె ముందు గొంతుకూర్చుని, "అమ్మా, కొంచెం గుడ్డ తీసి నవ్వుతారా? హ్యాపీగా కనిపించాలి" అన్నాడు.

"నవ్వటానికేముందయ్యా, నవ్వుతా. గుడ్డ తీస్తే నవ్వు రాదు, తుమ్మొచ్చిద్ది."

"ఒక్క సెకనమ్మా."

"నువ్వు కట్టుకోకుండా వచ్చావుగా, ఓ సెకను ఆగు. నీకే తెలిసిద్ది."

తెలిసింది. ఆయన మొదలుపెట్టిన తుమ్ములు ఎంతకీ ఆగలేదు. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. కళ్ళద్దాలు ఊడి కాయల్లో పడ్డాయి. ఆవిడ గుడ్డ కిందికి లాగి పగలబడి నవ్వింది. "తుడుచుకోబాకయ్యా, చేతికి కారం, కళ్ళు పోతయ్!" అని అరుస్తూనే నవ్వింది. కోడలు ఆ నవ్వుని చటుక్కున పట్టేసింది. చక్కటి ఫోటో. బ్రోచరులో దాని కింద "మా ఆనంద రైతు కుటుంబం" అని వేయించాడు మేనేజరు. ఆవిడ రైతు కాదు, కూలికి వచ్చిందని రెండుసార్లు చెప్పాను. "ఫీల్ అంకుల్, ఫీల్" అన్నాడు.

ఇక ఎరుపు గొడవ. ఆవిడ చుట్టూ ఉన్నదంతా ఎర్రకాయలే. వాటిని కంప్యూటర్లో పచ్చగా మార్చమన్నాడు. కోడలు మార్చింది. మా ఆవిడ కాఫీ తెచ్చి, తెర మీదికి తొంగి చూసి, "ఇన్ని ఊరమిరపకాయలు ఎవరు పెడుతున్నారే అమ్మాయ్?" అంది. అంత పొలం నిండా మజ్జిగలో ఊరేసిన పచ్చిమిరపకాయలు ఆరబోసినట్టే ఉంది మరి. చివరికి కోడలే దారి చూపింది. రంగులన్నీ తీసేసి, పుస్తకమంతా ఒకే ఆకుపచ్చ సిరాతో వేద్దామంది. సిరా కూడా ఆదా, అదీ పర్యావరణమే అంది. మేనేజరు లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఇది కాన్సెప్ట్!" ఆ మాట విన్నప్పుడు నాకు కాస్త గుచ్చుకున్న మాట వాస్తవం. నలభై ఏళ్ళు కార్డులు వేశాను, నన్నెవరూ కాన్సెప్టు అనలేదు.

తెలుగు పేజీ రాసే పని నాకిచ్చారు. నేను శుభ్రంగా, నలుగురికీ అర్థమయ్యేలా రాశాను: నీళ్ళు పొదుపుగా వాడతాం, గోనెసంచులు మళ్ళీ మళ్ళీ వాడతాం, మందులు తక్కువ కొట్టిన కాయకి ధర ఎక్కువ ఇస్తాం. మేనేజరు చదివి తల పట్టుకున్నాడు.

"ఇలా 'చేస్తాం' అనకూడదంకుల్. ప్రూఫ్ అడుగుతారు. 'ఆ దిశగా ప్రయాణిస్తున్నాం' అనండి."

నీళ్ళ దిశగా ప్రయాణించారు. సంచుల దిశగా ప్రయాణించారు. ధర దిశగా ప్రయాణం మాత్రం వద్దని, ఆ వాక్యం మొత్తం కొట్టేశాడు. "ఇంత ప్రయాణం చేసేదానికి అది బస్సు కాదు బాబూ, కోల్డ్ స్టోరేజీ" అన్నాను. నవ్వాడు. నవ్వి, ఇంకో రెండు వాక్యాలు కొట్టేశాడు.

కొట్టేసినచోట ఏం పెడదామంటే, ఏమీ వద్దన్నాడు. ఖాళీ కావాలట. పేజీ ఊపిరి పీల్చుకోవాలట. పెళ్ళికార్డుల మనిషికి ఖాళీ అంటే ఏమిటో చెబుతాను. అంగుళం చోటు మిగిలితే పద్మం వేస్తాం. పద్మం పట్టకపోతే చిలక. చిలకా పట్టకపోతే 'శుభమస్తు'. డబ్బిచ్చి కాగితం కొనుక్కుని సగం తెల్లగా వదిలేయడమంటే, కౌలు కట్టి సగం పొలం బీడు పెట్టడమే. కోడలు బయటికి వెళ్ళినప్పుడు రెండు మూలల్లో చిన్న చిన్న ఆకులు పెట్టాను. వచ్చి తీసేసింది. మళ్ళీ పెట్టాను. కంప్యూటరుకి పాస్‌వర్డ్ పెట్టేసింది.

అలా ఎన్నిసార్లు మార్చారో లెక్క లేదు. 'ఫైనల్' అని పేరు పెట్టిన ఫైలు, 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్', దాని తర్వాత ఒట్టి 'దేవుడా' అని ఒకటి. ఆ చివరిదే అచ్చుకి వెళ్ళింది.

కాగితం దగ్గర మళ్ళీ పేచీ. నిగనిగలాడే ఆర్టు పేపరు నేను చూపిస్తే, "నో ప్లాస్టిక్ కోటింగ్ అంకుల్" అన్నాడు. స్పిన్నింగు మిల్లుల్లో మిగిలిపోయిన పత్తి తుక్కుతో చేసిన కాగితం ఒకటి ఎక్కడో పట్టుకున్నాడు. ముట్టుకుంటే పాత పంచెలా మెత్తగా ఉంది. "మన జిల్లా పత్తి, మన జిల్లా మిర్చి!" అని మురిసిపోయాడు. దాని మీద లామినేషన్ లేదు, పూత లేదు. తడి తగిలితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

అచ్చయిన కాపీలు మధ్యలో పిన్నులు కొట్టించుకుని ఒక ఉదయం షాపుకి వచ్చాయి. వెయ్యి కాపీలు. సరే, మూడు వందలు. మర్నాడు పొద్దున కంపెనీలో విదేశీ కొనుగోలుదార్లతో సమావేశం. సాయంత్రం నాలుగింటికి మేనేజరే స్వయంగా కారులో వచ్చి తీసుకెళతానన్నాడు. మధ్యాహ్నం కోడలు మా మనవరాల్ని స్కూలు నుంచి తీసుకురావడానికి వెళ్ళింది. షాపులో నేనూ, మా ఆవిడా.

ఇక్కడ మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాయడం ఎవరింట్లో వాళ్ళు చేసుకునే పనే. కానీ తీరిక లేనివాళ్ళకి మేమే రాసి ఇస్తాం. ఒక్కొక్క కార్డుకీ వేలితో అద్దుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకని కట్టని బల్ల మీద తట్టి సరిచేసి, మూలని కొద్దిగా విసనకర్రలా విప్పి, పసుపు నీళ్ళలో ముంచిన దూది ఉండతో ఒక్క తోపు తోస్తాం. కట్టలో అన్నిటికీ ఒకేసారి అంటుతుంది. తిప్పి ఇంకో మూల. లామినేషన్ కార్డు మీద అది గీతలా నిలబడుతుంది, ఎక్కువైతే గుడ్డతో తుడిచేయొచ్చు. మా షాపు నుంచి పసుపు లేకుండా కార్డు గడప దాటింది లేదు.

మా ఆవిడకి ఆ అలవాటు రక్తంలో ఉంది. నేను ఎదురుగా కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. ఈలోపు మొత్తం మూడు వందల కాపీలకీ నాలుగు మూలలా పసుపు పడిపోయింది.

పత్తి కాగితం కదా, పీల్చింది. గీతగా మొదలైనది మచ్చయింది. మచ్చ అంగుళం దాకా పాకింది. ఆకుపచ్చ పేజీల మూల మూలా పసుప్పచ్చగా, కామెర్లు వచ్చిన కళ్ళలా తయారైంది. లోపలి పేజీల్లోకి కూడా దిగింది. తుడిస్తే ఇంకా పాకింది. సుద్దపొడి చల్లితే సుద్దపొడి పసుపయింది. అప్పుడు ఎవరో బట్టల సబ్బు తెచ్చి, తడిగుడ్డకి రాసి ఒక కాపీ మీద రుద్దారు.

పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో బట్టలుతికే వాళ్ళకి ఎవరికైనా తెలుసు. పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణిలా ఎర్రగా తిరిగింది. ఎక్కడా ఎరుపు ఉండకూడదన్న పుస్తకం మీద, కవరు మీద, సరిగ్గా 'ఆకుపచ్చని రేపటి కోసం' అన్న మాట పక్కన.

కోడలు అప్పుడే వచ్చింది.

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. పిల్లదాని బ్యాగు కుర్చీలో పెట్టి, ఒక కాపీ తీసుకుని, నాలుగు మూలలూ చూసి, పేజీలు తిప్పి, బల్ల మీద పెట్టింది. గడియారం వంక చూసింది. షట్టరు వంక కూడా చూసింది. అది నేను చూశాను.

"మేడ మీద ఎండబెడదాం" అన్నాను. "ఎండకి పసుపు వెలిసిపోతుంది."

"ఎన్నాళ్ళకి?"

"ఓ మూడు నాలుగు రోజులు గట్టిగా కాస్తే..."

"నాలుగింటికి కారొస్తుంది మామయ్యగారూ."

"పోనీ మన దగ్గర తమలపాకు ఆకారంలో కోసే డై ఉందిగా. ఆకులా కోసేద్దాం. ఆయనకి ఆకులంటే ఇష్టం."

"ఇది కంపెనీ బ్రోచరు, తాంబూలం కాదు" అంది. అంతవరకే గొంతు పెంచింది. ఆపైన తనలో తను లెక్కేసుకోవడం మొదలుపెట్టింది. మూడు వైపులా కొంచెం కొంచెం కోసుకురావచ్చు. నాలుగో వైపు మడత, పిన్నులు. అక్కడ కోస్తే పుస్తకమే విడిపోతుంది. కాబట్టి మూలలు మాత్రమే పోవాలి. మూలల్లో ఏముంది? ఏమీ లేదు. ఆ మహానుభావుడు ఊపిరి కోసమని వదిలించిన ఖాళీ ఉంది. నా ఆకులు అక్కడే ఉండి ఉంటే సగం సగం తెగి చచ్చేవి.

పాత కార్డుల పెట్టె మూతని త్రికోణంగా కత్తిరించి కటింగు మెషీను మీద ఆనించి, కట్టల్ని ఏటవాలుగా నిలిపి, హ్యాండిల్ దించాం. ఈ 'దించాం' అన్నచోట నా పాత్ర గురించి గొప్పగా రాద్దామనుకున్నాను. ఆ మెషీను కొన్నది నేను, దానికి నూనె పోసింది నేను. కట్టలు పట్టుకున్నదీ నేనే. కత్తి దిగినప్పుడల్లా పసుపు మూలలు బుట్టలో పడుతుంటే, పెళ్ళిలో తలంబ్రాలు పోస్తున్నట్టే ఉంది.

చివరి కట్ట కోస్తుండగా కారు ఆగింది. మేనేజరు లోపలికి వచ్చి ఒక కాపీ తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"మూలలేమయ్యాయి?"

కోడలి మొహం పాలిపోయింది. నేను ముందుకొచ్చాను. "బాబూ, ఒక్కటి అడుగుతాను. భూమికి మూలలున్నాయా?" అన్నాను. ఆయన నోరు తెరిచాడు. "పుస్తకంలో మూల ఎవరైనా చదువుతారా? అనవసరమైనది కోసేశాం. కోసిన ముక్కలు మళ్ళీ కాగితం మిల్లుకే పంపిస్తాం. తక్కువ వాడటమంటే ఇదీ. మీ పుస్తకం లోపల రాసుకున్నారు, మేం బయట చేసి చూపించాం." అప్పుడే ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నది. స్టిక్కర్ల పని మొత్తం ఆ నిమిషంలోనే మాకు రాసిచ్చాడు. షట్టరు మాదగ్గరే ఉంది. బిర్యానీ ఆయన ఇప్పుడు అడగడం మానేశాడు.

ఇంతవరకూ రాసి, నిన్న మధ్యాహ్నం షాపులో మా ఆవిడకీ కోడలికీ పైకి చదివి వినిపించాను. కోడలు కంప్యూటరు వైపు తిరిగే ఉంది గానీ, భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. మా ఆవిడ కార్డుల కట్ట తట్టడం ఆపింది.

"అయిందా? ఇప్పుడు నేను చెబుతా, అది కూడా రాయండి" అంది. "నేను మిమ్మల్ని ఒక్క కాపీకి పసుపు పెట్టి దేవుడి దగ్గర పెట్టమని చెప్పి, పైకెళ్ళి అన్నం వార్చుకొచ్చా. మొత్తం కట్టలకి తోసింది మీరు. సబ్బు తెచ్చిన ఆ ఎవరో కూడా మీరే. మెషీను కాడ మీరు పట్టుకున్న కట్ట జారి పది కాపీలు పాడైతే, అమ్మాయి మిమ్మల్ని దూరంగా కూర్చోమంది. ఆ వచ్చినాయనకి ఉన్నదున్నట్టు చెప్పింది కూడా అమ్మాయే. పసుపు పడింది సార్, మూలలు కోసేశా, మీకు నచ్చకపోతే డబ్బులివ్వొద్దని చెప్పింది. ఆయన కాసేపు చూసి, టైముకి ఇచ్చారు, అబద్ధం చెప్పలేదు, స్టిక్కర్లు మీరే వేయండన్నాడు. పెద్దాయన్ని మాత్రం సరుకు ముట్టుకోనివ్వొద్దన్నాడు. ఇక ఆ భూమీ మూలలూ అంటారా, కారు ఆగటం చూసి మీరు వెనక గుమ్మంలోంచి టీ కొట్టుకి పోయారు. అసలు షాపులోనే లేరు మీరు."